అధ్యక్షులవారి పక్కన మా ఆవిడ

సాంతా లిబ్రాదా,
మార్చి 4

విశ్వవిద్యాలయ శ్రద్ధాంజలి సంఘం కార్యదర్శి శ్రీమతి ఓల్మెడో గారికి నమస్కరించి రాయునది.

అధ్యక్షులు డాక్టర్ హోనొరాతో రబానెస్ గారు పోయారని తెలిసింది. మంచి మనిషి. మీ అందరి బాధలో నాకూ భాగముంది.

ఈ నెల పధ్నాలుగు, శుక్రవారం సాయంత్రం నాలుగింటికి క్యాంపస్ చాపెల్లో పూజ చేయిస్తున్నాను. ఫాదర్ నిలోతో ఎప్పుడో మాట్లాడుకున్నాను. ఆ రోజు మా ఆవిడ ఎస్తెలితా పోయి నలభయ్యో రోజు. అదే రోజు, అదే చాపెల్లో మీరు అధ్యక్షులవారి సంతాప సభ పెడుతున్నారని విన్నాను. నాకు ఒక్క గంట చాలు. నాలుగింటికి మొదలుపెట్టి ఐదింటికల్లా ఖాళీ చేస్తాం. దయచేసి ఆ గంట వదిలిపెట్టండి.

ఇట్లు,
క్రిస్పులో బన్యారెస్
(గణితశాఖ, విశ్రాంత అధ్యాపకుడు)

తా.క. పాటల బృందం ఆడవాళ్ళు ఆకుల్లో చుట్టి ఉడికించే జిగురుబియ్యం సుమాన్ వాళ్ళే వండుకొస్తారు. మీ క్యాంటీన్‌కి శ్రమ ఉండదు.

---

శ్రద్ధాంజలి సంఘం కార్యాలయం,
మార్చి 5

శాంతి, దీవెన మీ గుమ్మం దాటి లోపలికి రావాలని కోరుకుంటూ, సర్ పులో గారికి.

సర్, మీ ఉత్తరం నిండు సభలో నేనే పైకి చదివాను. అధ్యక్షులవారి మరణానికి మీ బాధ, ఆ వెంటనే శుక్రవారం పూజ చేయిస్తున్నానన్న మాట. అక్కడిదాకా వచ్చేసరికి మన ఉపాధ్యక్షులు డాక్టర్ సంబ్రానో గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టేశారు. ఆయన కొడితే అందరూ కొట్టాలి కదా సర్. మిగతాది చదవడానికి వీలుపడలేదు. భార్యను పోగొట్టుకున్న మనిషి ఆ దుఃఖంలోనే అధ్యక్షులవారికోసం సొంత ఖర్చుతో పూజ చేయిస్తున్నాడంటే ఇది కదా మన విశ్వవిద్యాలయ కుటుంబం అని ఆయన కంటతడి పెట్టుకున్నారు.

మీ పూజను సంఘం ఏకగ్రీవంగా స్వీకరించింది. గవర్నర్ గారికి శుక్రవారం మూడున్నర తర్వాతే తీరిక దొరుకుతుందట. అందాకా అధ్యక్షులవారు పెట్టెలో, చాపెల్లోనే ఉంటారు. మిమ్మల్ని ఎనిమిదో వక్తగా వేశాం. మూడు నిమిషాలు. ప్రసంగం ముందుగా రాసి పంపితే సంఘం చూసి ఇస్తుంది.

మీ సేవలో,
జెనొవేవా "గర్లీ" ఓల్మెడో

తా.క. సుమాన్ ఎనిమిది వందల మందికి సరిపోతాయా సర్? గవర్నర్ గారి వాళ్ళు రెండేసి తింటారు.

---

మార్చి 6

శ్రీమతి ఓల్మెడో గారికి, మళ్ళీ నేనే.

మీ సంఘం నా ఉత్తరాన్ని సగం విని ఆగిపోయింది. మిగతా సగం ఇది: పూజ నా భార్యకి.

ఇరవై ఆరేళ్ళు లితా ఆ చాపెల్లో పాటలు పాడించింది. నలభయ్యో రోజుదాకా పోయినవాళ్ళు ఇంటిచుట్టూనే తిరుగుతుంటారని మనవాళ్ళ నమ్మకం. ఆ రోజు పూజ చేసి సాగనంపాలి. నేను లెక్కల మాస్టారిని, ఇలాంటివి నమ్మేవాణ్ణి కాను. లితా నమ్మేది. అందుకని ఇప్పుడు నేనూ నమ్ముతున్నాను.

నేను వక్తను కాను. నా మాటలు ఉండి తీరాలంటే ఇవి చదువుకోండి: "హోనొరాతో రబానెస్‌కి ఒకసారి అధ్యాపకుల సభలో ఆయన లెక్క తప్పని చెప్పాను. బోర్డు తుడిచి మళ్ళీ చేశాడు. మర్నాడు నన్ను కాఫీకి పిలిచాడు." అంతే. ఆ రెండూ చేసిన అధ్యక్షుణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు.

నాకు నాలుగు గంటలు కావాలి. అంటే నాలుగు నుంచి ఐదు.

క్రిస్పులో బన్యారెస్

తా.క. చివరి వాక్యం ఎందుకు విడమరిచానంటే, మీ సంఘం నాకు నాలుగు గంటలసేపు చాపెల్ ఇచ్చేసి, ఆ నాలుగు గంటలూ నన్ను మాట్లాడమంటుందేమోనని.

---

శ్రద్ధాంజలి సంఘం కార్యాలయం,
మార్చి 8

శాంతిని, క్షమాపణను వెంటబెట్టుకుని, సర్ పులో గారికి.

సర్, తల ఎత్తుకోలేకపోతున్నాను. ఈసారి ఉత్తరం మొత్తం చదివాను. చప్పట్లు కొట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి మరీ చదివాను. మేడమ్ లితా నలభయ్యో రోజని తెలిసి అందరూ నొచ్చుకున్నారు. "మరి గవర్నర్‌కి ఏం చెబుదాం?" అని ఒకరన్నారు. "పోయినవాళ్ళు ఇద్దరు, చాపెల్ ఒకటి, సభ కూడా ఒకటే చేసేద్దాం!" అన్నారు డాక్టర్ సంబ్రానో గారు. చూశారా సర్, ఎంత సులువుగా తేల్చేశారో! ఇద్దరినీ కలిపి స్మరిస్తాం. మీకు పైసా ఖర్చు లేదు. మెయిన్ గేటుకి ఫ్లెక్సీ కూడా విశ్వవిద్యాలయమే వేయిస్తోంది. మేడమ్ ఫోటో పాటల బృందం ఆల్బమ్‌లోంచి తీసుకున్నాం.

మీ ప్రసంగం అందరికీ నచ్చింది. కాకపోతే "లెక్క తప్పు" అన్న మాట అధ్యక్షులవారి గౌరవానికి భంగమని తీసేశాం. కాఫీ ఉంచాం.

మీ సేవలో,
గర్లీ ఓల్మెడో

తా.క. ఫోటోలో మేడమ్ చాలా అందంగా ఉన్నారు సర్. ఫ్లెక్సీ షాపువాళ్ళు ఇంకాస్త తెల్లగా కూడా చేశారు. ఊరికే.

---

మార్చి 10

శ్రీమతి ఓల్మెడో గారికి, గేటు చూసి వచ్చి రాస్తున్నాను.

మీ ఫ్లెక్సీ కట్టారు. మీరు చూసి ఉండరనే అనుకుంటున్నాను. చూసి కట్టించారని అనుకోవడం నాకిష్టం లేదు.

ఎడమ పక్క అధ్యక్షులవారు. కుడి పక్క మా ఆవిడ. మధ్యలో మబ్బుల్లోకి మెట్లు, రెండు తెల్ల పావురాలు. పైన "స్వర్గంలో మళ్ళీ ఒక్కటైన జంట". కింద గవర్నర్ గారి ముఖం, డాక్టర్ సంబ్రానో ముఖం. పోయినవాళ్ళిద్దరి ముఖాలూ కలిపినా వాటిలో సగం రావు. డాక్టర్ సంబ్రానో నవ్వుతున్నారు.

గేటు దగ్గర ట్రైసికిల్ నడిపే తొతోయ్ బండి ఆపి నా పక్కన నిలబడ్డాడు. పైనుంచి కిందికి చదివాడు.

"సర్, ఇన్నేళ్ళు నా బండి ఎక్కారు. ఒక్కరోజు కూడా మీ ముఖంలో కనపడనివ్వలేదు" అన్నాడు.

"కనపడటానికి ఏమీ లేదు తొతోయ్. అది తప్పు ఫ్లెక్సీ."

"అంతేలెండి సర్. అలాగే అనుకోవాలి" అని కిరాయి తీసుకోకుండా దింపాడు.

చేపల బజారులో నెనాంగ్ రోసింగ్ సగం ట్యూనా తూచి, ఇంకో ముక్క ఊరికే వేసింది. "తిను మనోయ్ పులో, తిను అన్నా. ఇలాంటప్పుడే మగవాడు బలంగా ఉండాలి" అంది. ఎలాంటప్పుడని నేను అడగలేదు. చుట్టూ ఉన్నవాళ్ళకి అడగాల్సిన అవసరం రాలేదు.

అధ్యక్షులవారి భార్య దోన్యా ఫెలీసా బతికే ఉన్నారు. ఆ గేటుకి రెండు వీధుల అవతల ఉంటారు. దయచేసి దాన్ని దించండి. నాకు కావలసింది చాపెల్లో ఒక గంట. గేటు మీద స్వర్గం కాదు.

క్రిస్పులో బన్యారెస్

తా.క. లితా నల్లగా ఉండేది. నేను నల్లటి అమ్మాయిని చూసే పెళ్ళిచేసుకున్నాను. ఆ ఫ్లెక్సీ మీద ఉన్నావిడ ఎవరో నాకు తెలీదు.

---

శ్రద్ధాంజలి సంఘం కార్యాలయం,
మార్చి 11

ఈ ఉత్తరాన్ని ఏ ముఖంతో మొదలుపెట్టాలో తెలియని గర్లీ నుంచి, సర్ పులో గారికి.

సర్, దేవుడి సాక్షిగా నేను చూడలేదు. ఫ్లెక్సీ షాపుకి రెండు ఫోటోలు, "కలిపి స్మరణ" అన్న మాట పంపాం. మగ ఫోటో, ఆడ ఫోటో పక్కపక్కన వస్తే వాళ్ళు పెళ్ళిరోజు నమూనాలో పోసేస్తారట. పావురాలు అందులోవే.

దించమని నేను చెప్పాను. కానీ దానిమీద గవర్నర్ గారి ముఖం ఉంది సర్. ఆయన రాకముందు ఆయన ముఖాన్ని దించితే ఏమవుతుందో మీకు తెలుసు. అందుకని డాక్టర్ సంబ్రానో గారు వేరే దారి చూశారు. దాని పక్కనే ఇంకో ఫ్లెక్సీ కడతాం, సవరణ ఫ్లెక్సీ. మొదటిదానికంటే పెద్దది. ఇంత పెద్ద మనసు ఎవరికుంటుంది సర్!

సమయం గురించి మళ్ళీ అడిగాను. గవర్నర్ గారి కార్యక్రమం కదలదట.

మీ సేవలో,
గర్లీ

తా.క. సవరణలో మాటలు డాక్టర్ సంబ్రానో గారే స్వయంగా రాశారు. నన్ను చూడనివ్వలేదు. అదొక్కటే నాకు భయం.

---

మార్చి 12

శ్రీమతి ఓల్మెడో గారికి.

మీ భయం నిజమైంది. సవరణ ఫ్లెక్సీ మీద ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"ప్రజలకు విజ్ఞప్తి. శ్రీమతి ఎస్తెలితా బన్యారెస్ దివంగత అధ్యక్షుల భార్య కారు. ఎన్నడూ కారు. వారిద్దరి మధ్య ఉన్నది సంగీతపరమైన అనుబంధం మాత్రమే."

కింద డాక్టర్ సంబ్రానో. ఇందులోనూ నవ్వుతున్నారు.

మొన్నటిదాకా తొతోయ్‌కి అది నిజమో కాదోనని కొంచెం సందేహం మిగిలి ఉండేది. ఇవాళ అదీ పోయింది. "ఎవరూ అడక్కుండానే విశ్వవిద్యాలయం కాదంటోందంటే సర్..." అని ఆగి, నా భుజం తట్టాడు. నేను ఇంటికి నడిచి వెళ్ళాను.

మధ్యాహ్నం దోన్యా ఫెలీసా మా ఇంటికి వచ్చారు. శవం దగ్గర్నుంచి నేరుగా ఎవరింటికీ రాకూడదు కదా. "బేకరీలో ఆగి వచ్చాను, భయపడకు. నా వెంట ఎవడూ రాలేదు" అని రొట్టెల పొట్లం బల్లమీద పెట్టారు. గొడుగు ముయ్యకుండానే కూర్చున్నారు.

"పులో, నా మొగుడికి సంగీతం వచ్చా?"

"రాదు దోన్యా."

"మరి ఏమిటి ఆ అనుబంధం?"

"చాపెల్లో ఆయన గొంతు కలిపితే పాట పాడైపోతోందని, సర్ మీరు ఊరికే పెదవులు కదపండి చాలు అని లితా చెప్పింది. అప్పట్నుంచి కదిపేవారు. అంతే."

ఆమె నవ్వారు. చాలాసేపు నవ్వారు. గొడుగు కిందపడింది. తర్వాత ఏడ్చారు. నాకు ఏంచెయ్యాలో తెలియక రొట్టె ముక్క ఇచ్చాను. తిన్నారు.

"ఇంట్లో స్నానాల గదిలో పాడేవాడు ముసలాడు. వీధి చివరిదాకా వినపడేది. మీ ఆవిడ పుణ్యమా అని చాపెల్ అయినా బతికింది" అన్నారు. మళ్ళీ, "ఎనిమిది మందిని మాట్లాడమన్నారట. నన్ను ఒక్కమాట అడిగారా చెప్పు? మొదటి వరసలో నాది మూడో కుర్చీ. మొదటిది గవర్నర్‌కి, రెండోది గవర్నర్ పెళ్ళానికి. నా మొగుడి పెట్టె కనపడాలంటే ఆవిడ జుట్టు పక్కనుంచి మెడ సాచి చూడాలి."

"మీరు చెబితే వింటారు దోన్యా."

"పెళ్ళాం మాట వినే సంఘం ఎక్కడైనా ఉందా నాయనా?"

ఎల్లుండి నలభయ్యో రోజు. నేను ఇంక ఫ్లెక్సీల గురించి రాయను. శుక్రవారం నాలుగింటికి చాపెల్ ఇస్తారా, ఇవ్వరా? ఒక్క మాటలో చెప్పండి.

క్రిస్పులో బన్యారెస్

తా.క. మూడో ఫ్లెక్సీ వద్దు.

---

శ్రద్ధాంజలి సంఘం కార్యాలయం,
మార్చి 13

సర్ పులో గారికి, సంఘం ఆదేశానుసారం.

ఒక్క మాటలో చెప్పమన్నారు. ఇవ్వరు.

మిగతాది తీర్మానంలో ఉన్నట్టు రాస్తున్నాను. మేడమ్ లితా పూజ శనివారం ఉదయం పదకొండుంపావుకి, వాలీబాల్ వాళ్ళు ఖాళీ చేశాక జిమ్‌లో జరుగుతుంది. శనివారం నలభై ఒకటో రోజు అవుతుందని నేను లేచి చెప్పాను. పోయిన రోజునుంచి కాక మర్నాటి నుంచి లెక్కపెడితే శనివారమే నలభయ్యో రోజని డాక్టర్ సంబ్రానో గారు అన్నారు. ఆత్మ శనివారం బయలుదేరవచ్చునని సంఘం తీర్మానించింది. ఏడుగురు అనుకూలం. ఒకరు తటస్థం.

మీ ప్రసంగం సవరించి జతచేశాం. ఇప్పుడిలా ఉంది: "దార్శనికుడు, మహోన్నతుడు అయిన డాక్టర్ రబానెస్, డాక్టర్ సంబ్రానో గారి తోడ్పాటుతో, కాఫీ."

మిగిలింది అదే సర్.

గర్లీ ఓల్మెడో
కార్యదర్శి

తా.క. తటస్థంగా ఉన్నది నేను. వ్యతిరేకమని చెయ్యెత్తడానికి ధైర్యం చాల్లేదు. మా అమ్మాయి ఇక్కడే ఫీజు లేకుండా చదువుతోంది.

---

మార్చి 20

గర్లీ గారికి,

మీరూ అక్కడే ఉన్నారు కాబట్టి చాలావరకు మీకు తెలిసిందే. అయినా రాస్తున్నాను. రాయడం అలవాటైంది.

శుక్రవారం నాకు చాపెల్ లేదని తెలిసీ వెళ్ళాను. ఇంకెక్కడికి వెళ్ళాలో తెలియలేదు. పాటల బృందం ఆడవాళ్ళు సుమాన్ బుట్టలతో వరండాలో నిలబడి ఉన్నారు. వాళ్ళను లోపలికి రానివ్వలేదు. లోపల ఎనిమిది వందల మంది. గవర్నర్ జాడ లేదు. నాలుగవుతుండగా ఎవరో పరిగెత్తుకొచ్చారు. గవర్నర్ గారి కారు మెయిన్ గేటుకి రాలేదు. వ్యవసాయ కళాశాల వెనక, పొలం గేటుకి వెళ్ళింది. పొద్దున కురిసిన వానకి చక్రాలు కూరుకుపోయాయి. డాక్టర్ సంబ్రానో లేచి పరిగెత్తారు. ఆయన పరిగెత్తితే అందరూ పరిగెత్తాలి కదా. వక్తలు, ఫోటోగ్రాఫర్లు, బ్యాండువాళ్ళు, దాదాపు సంఘం మొత్తం. గవర్నర్ గారి కారు తొయ్యడం అందరికీ దొరికే అవకాశం కాదు.

చాపెల్ ఖాళీ అయింది. దోన్యా ఫెలీసా మూడో కుర్చీలోంచి లేచి, మొదటి కుర్చీలో కూర్చుని, పూజ వస్త్రాల్లో సిద్ధంగా ఉన్న ఫాదర్ నిలోని చూశారు.

"ఫాదర్, నాలుగయింది."

"ఎవరికోసం దోన్యా?"

"ఎవరికోసం ఒప్పుకున్నారో వాళ్ళకోసమే. నా వాడు ఆగుతాడు. ఇప్పటికే పన్నెండు రోజులు ఆగాడు."

ఆడవాళ్ళు లోపలికి వచ్చారు. శ్రుతి ఇచ్చే మనిషి లేక పాట మరీ పైన అందుకున్నారు. రెండో చరణంలో గొంతులు అందలేదు. లితా అయితే ఆపి మళ్ళీ మొదలుపెట్టించేది. మేం ఆపలేదు.

విశ్వవిద్యాలయం తరఫున నా భార్య పూజకు హాజరైనవాళ్ళు ఇద్దరు. ఒకరు పెట్టెలో ఉన్నారు. రెండోవారు చివరి బెంచీలో కూర్చుని, సంఘం బ్యాడ్జి తీసి సంచిలో వేసుకున్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను.

పూజయ్యాక పెట్టె దగ్గర నిలబడి, "వచ్చినందుకు థాంక్స్ సర్" అన్నాను. ఎనిమిదో వక్త ప్రసంగం అదే. సంఘం సవరణకు అందలేదు. బురద కాళ్ళతో వాళ్ళు తిరిగి వచ్చేసరికి మేం చాపెల్ ఖాళీ చేశాం. అధ్యక్షులవారి గురించి రెండుగంటలు మాట్లాడారట. అందులో కారు ఎలా పైకి వచ్చిందన్నది గంట.

గవర్నర్ కారు డ్రైవరు మన తొతోయ్‌కి తోడల్లుడట. నిన్న చెప్పాడు: "దారి అడిగితే సంఘం ఆఫీసు మేడమే ఫోన్‌లో పొలం గేటు అని చెప్పిందట సర్. తొందరేం లేదు, మెల్లగా రమ్మని కూడా అందట." ఇది ఎవరికీ చెప్పొద్దని తొతోయ్‌కి చెప్పాను. వాడు అన్నింటికీ తలూపుతాడు. కానీ అది తెలుసుకోవడానికి మీ సంఘం వాడిదాకా వెళ్ళక్కర్లేకపోయింది. డాక్టర్ సంబ్రానోని తాత్కాలిక అధ్యక్షుడిగా వేశారనీ, ఆయన మొదటి ఉత్తర్వు మిమ్మల్ని హాస్టల్ తాళాల గదికి మార్చడమనీ విన్నాను. అమ్మాయి చదువుకి అడ్డం రాలేదని దోన్యా చెప్పారు. ఆ మాట ఆవిడ స్వయంగా వెళ్ళి రాబట్టుకొచ్చారు. గొడుగుతో.

మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు రాదు. లితా ఉంటే పాట పాడించేది.

మీ,
పులో

తా.క. మీ ఆఫీసు నుంచి ఉత్తరం రాని వారం ఇదే మొదటిది. లితా వెళ్ళిపోయింది, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. విశ్వవిద్యాలయం నా విషయంలో ఇంకేమైనా పొరపాటు చేయబోతుంటే దయచేసి ముందుగా రాయండి. వెంటనే జవాబిస్తాను.